పళ్లు చెప్పిన దారి, ఎముకలు అడిగిన వాళ్లు

ముక్కులు కొలిచి మనుషులకు మెట్లు కట్టిన శాస్త్రం మనకు కొత్త కాదు. 1901 జనాభా లెక్కల అధికారి రిస్లే ఆ పనే చేశాడు. అలాంటి కొలతలనే తీసుకుని, అంటరానివాళ్లది వేరే జాతి కాదని 1948లో అంబేద్కర్ వాదించారు. అందుకని కొలతంటేనే మేము మొహం తిప్పుకోం. కొలిచేదెవరు, ఎవరిని అని మాత్రం అడుగుతాం. క్రిస్టీ టర్నర్‌నీ (1933–2013) అలాగే చదివాం.

ఆయన అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్. జీవితమంతా పళ్లు చూశాడు. ఎముక పొడైపోయినా పన్ను మిగులుతుంది. తిండికి అరిగిపోతుంది గానీ దాని ఆకారం చాలావరకు పుట్టుకతో వచ్చిందే. ముందుపళ్ల వెనక వైపు పారలాగా గుంట ఉందా? కింది వరసలో మొదటి దవడపన్నుకు వేర్లు రెండా, మూడా? ఆ మూడు వేర్ల మీదే 1971లో ఒక వ్యాసం రాశాడు. చూసేవాళ్ల కన్నునుబట్టి లెక్క మారకుండా ప్లాస్టర్ అచ్చులు పోయించాడు. ఆ పద్ధతి 1991లో అచ్చయింది. ఈశాన్య ఆసియా వాళ్ల పళ్లూ అమెరికా ఆదివాసుల పళ్లూ ఒక తీరు, ఆగ్నేయాసియా వాళ్లవి ఇంకో తీరు అన్నాడు. మొదటిదానికి సైనోడాంట్ అనీ, రెండోదానికి సుండాడాంట్ అనీ పేర్లు పెట్టాడు. ఎవరినీ పైమెట్టు ఎక్కించలేదు, అది ఒప్పుకోవాలి. 1986లో గ్రీన్‌బర్గ్, జెగురాలతో కలిసి, సైబీరియా వైపు నుంచి జనం మూడు విడతలుగా అమెరికాకు వచ్చారన్నాడు. గ్రీన్‌బర్గ్ భాషా విభజనను భాషావేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. ఆ తగువు ఇక్కడ వద్దు.

మమ్మల్ని ఆపింది వేరే సంగతి. ఆ పళ్లు మ్యూజియంలలోని పుర్రెలవి. మా పెద్దల్ని మాకిచ్చెయ్యండి, మట్టిచేసుకుంటాం అని ఆదివాసులు అడిగారు. టర్నర్ వద్దన్నాడు. మనుషులంతా ఒకే జాతి కాబట్టి పాత ఎముకల మీద ఏ ఒక్కరికీ హక్కు లేదని ఆయన వాదం. మాట బాగానే ఉంది. కానీ తవ్వి మ్యూజియంలో పెట్టింది అందరి సమాధుల్నీ ఒక్క తీరుగా కాదుగదా! ఊరికి రెండు శ్మశానాలుండే దేశంలో పుట్టిన మాకు ఇది చిన్న విషయంగా తోచదు.

ఎముకలు తిరిగివ్వాలని 1990లో అక్కడ చట్టమొచ్చింది. 1996లో కెన్నెవిక్ దగ్గర సుమారు 8,500 ఏళ్ల నాటి అస్థిపంజరం దొరికింది. అతను మావాడే అన్నాయి అక్కడి తెగలు. కొందరు శాస్త్రవేత్తలు కోర్టుకెళ్లి 2004లో గెలిచారు. 2015లో డిఎన్ఏ చూస్తే అతను ఆదివాసుల మనిషేనని తేలింది. అప్పటికి టర్నర్ పోయి రెండేళ్లు. 2017 ఫిబ్రవరిలో తెగలవాళ్లు అతన్ని మట్టిచేశారు. ఎక్కడో బయటివాళ్లకు చెప్పలేదు.