చెరువు ధర్మము – బోరుబావి ఋణము



మడకశిర సీమ కరవు సీమ. పడమటి కనుమలు దాటి వచ్చు నైరుతి మేఘములు ఇక్కడికి చేరునప్పటికే తేలికపడిపోవును. అయినను దీనికి సమీపమున, అమరాపురం మండలములోని హేమావతిని రాజధానిగా చేసికొని నొళంబ పల్లవులు ఏలిరి. అక్కడి సిద్ధేశ్వరస్వామి నేటికిని పూజలందుకొనుచున్నాడు. వాన తక్కువైన ఇట్టి చోట ఊళ్లను, కోవెలలను నిలిపినవి చెరువులే.

చెరువును గూర్చి మన పెద్దల ఆలోచన ఎంత లోతైనదో కడప జిల్లా పోరుమామిళ్ల శాసనము తెలుపుచున్నది. బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనమిది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు శ్రమించి ఆ చెరువు కట్టిరట. చెరువునకు ఆరు దోషములని అందు చెప్పబడినది. వానిలో రెండింటిని మనము మనసున నిలుపుకొనవలెను: రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట ఒకటి, నీరు కొద్దిగా ఉండి, పారవలసిన భూమి విస్తారముగా ఉండుట మరియొకటి. అందరిదైన నీటికి ఒక కట్టుబాటు కావలెనని, ఉన్న నీటికి తగినంతే సాగు చేయవలెనని దీని భావము.

ఆ కట్టుబాటు ఊరూర ఉండెడిది. నీరుగంటి మడవ తీసి వంతుల ప్రకారము నీరు పారించెడివాడు. చెరువును కట్టి కాపాడినవారికి దశబంధ మాన్యము దక్కెడిది. నీరు కంటికి కనబడునది గనుక తన వంతు మించి తీసికొన్నవాడు నలుగురిలో దొరికిపోయెడివాడు.

బోరుబావి వచ్చి ఈ లెక్కను మార్చినది. మన నేల క్రింద గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలో నిలిచిన కొద్ది నీరే మన నిధి. ఆ పగుళ్లకు పొలముల గట్లు తెలియవు. అయినను 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము భూమి క్రింది నీటిని తోడుకొను హక్కును భూయజమానికే ఇచ్చినది. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. తోడినవానికి పంట, ప్రక్కవాని బోరు ఎండిన నష్టము ఎవరి పద్దులోను చేరదు. దీనినే అర్థశాస్త్రజ్ఞులు విపణి వైఫల్యమందురు. నేను తోడకున్న పొరుగువాడు తోడునని ప్రతివాడును మరింత లోతునకు పోవును. ఇందు ఏ రైతును దుర్మార్గుడనలేము. ఒక్కొక్కరికి తెలివిగా తోచినదే ఊరికి ఎండగా, అప్పుగా మారుచున్నది. తుదకు త్రాగునీటికే బిందెలు బారులు తీరును.

ఉమ్మడి సొత్తు నాశనము కాక తప్పదని 1968లో గారెట్ హార్డిన్ వాదించెను. తామే నియమములు చేసికొని, తామే కాపలా కాచుకొన్న ఊళ్లు అట్టి సొత్తును తరతరములు నిలుపుకొన్నవని ఎలినార్ ఆస్ట్రమ్ నిరూపించి 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి పొందెను. మన నీరుగంటి వంతు అట్టిదే కదా!

2002 నాటి వాల్టా చట్టము బావులను నమోదు చేయుమన్నది. అయితే భూమిలోపలి నీటికి చట్టమొక్కటే కాపలా కాయజాలదు. ఈ ఏడు ఎంత వాన కురిసినది, ఎంత నీరు ఇంకినది, దానికి ఏ పైరు తగును అని ఊరివారు కలసి కూర్చుండి తేల్చుకొనవలెను. చెరువు పూడిక తీసి, వంకను విడిపించి, వేరుసెనగకో చిరుధాన్యములకో సరిపడు నీటికి వరి నాటకుండుటయే నేటి తటాక ప్రతిష్ఠ. దేవుని తీర్థమును చేరెడు చేరెడుగా అందరికిని పంచుట ఎరిగిన మనము, ఆయన ఇచ్చిన నేలలోని నీటిని పంచుకొనలేమా?