అశోకుడు మారాడు సరే, కళింగ మాటేమిటి?

మా అన్నయ్య కూతురు ఏడో తరగతి. మొన్న కళింగ యుద్ధం పాఠం అప్పజెప్పి, "బాబాయ్, అసలు అశోకుడు యుద్ధం ఎందుకు చేశాడు?" అని అడిగింది. తన పుస్తకంలో అతను ఎలా మారాడో ఉంది గానీ, ఎందుకు దండెత్తాడో లేదు. పిల్లలకి యుద్ధం గురించి చెప్పాలంటే ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.

మనకున్న ప్రధాన ఆధారం అశోకుడి 13వ శిలాశాసనం. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకి, అంటే సుమారు క్రీ.పూ. 261లో, కళింగని జయించానంటాడు. లక్ష మంది హతులయ్యారు, లక్షన్నర మందిని తరలించారు, అంతకు ఎన్నో రెట్ల మంది నశించారు. ఇవి తల తలా లెక్కపెట్టినవి కావు, గుండుగుత్తగా చెప్పినవి. అయినా ఓడినవాళ్లు పెంచి చెప్పినవి కూడా కావు, గెలిచినవాడే ఒప్పుకున్నవి.

కారణం మాత్రం శాసనంలో లేదు. దక్షిణాదికి వెళ్లే దారి, తూర్పుతీరపు వర్తకం కళింగ చేతిలో ఉండటమే కారణమని చరిత్రకారుల ఊహ. కళింగ రాజుకి 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు ఉండేవని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. పక్కనే అంత బలముంటే ఏ సామ్రాజ్యానికైనా కంటగింపే.

ఇక పశ్చాత్తాపం. కొత్త దేశాలు జయించాలని చూడొద్దని కొడుకులకీ మనవలకీ చెప్పాడు. ఒక చక్రవర్తి అంత మాట అనడం గొప్పే, కాదనను. కానీ కళింగని తిరిగి ఇవ్వలేదు. అడవి జనాలకి అదే శాసనంలో తన బలం గుర్తుచేసి బెదిరించాడు. ఇంకో సంగతి చూడండి. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ కొండల మీద ఈ 13వ శాసనం చెక్కించలేదు. దానికి బదులు, జనాన్ని బిడ్డల్లా చూసుకోండి, అన్యాయంగా ఖైదు చేయకండి అని అధికారులకి ఆదేశాలున్నాయి. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో మాత్రం 13వ శాసనం ఉంది. దెబ్బతిన్నవాళ్లకి తప్ప అందరికీ ఆ పశ్చాత్తాపం వినిపించాడన్నమాట!

అందుకే పాపకి మూడు ప్రశ్నలు చెప్పాను. ఏ యుద్ధం గురించి చదివినా లాభం ఎవరికి, చచ్చింది ఎవరు, కథ రాసింది ఎవరు అని అడగమన్నాను.

కాసేపు ఆలోచించి, "మరి కళింగవాళ్లు రాసింది ఏదీ?" అంది.

ఆ యుద్ధం గురించి వాళ్ల మాట ఒక్కటీ మనదాకా రాలేదు. అదే చెప్పాను.