చదివి వినిపించేవాళ్ళు

మార్చి మొదటి వారంలో అమెరికాలోని చాలా ప్రాథమిక బడులకు కొత్త మనుషులు వస్తారు. ఫైరింజను సిబ్బంది, పోలీసులు, నర్సులు, ఊరి మేయరు, రిటైరైన తాతయ్యలు, పిల్లల అమ్మానాన్నలు వంతులవారీగా తరగతుల్లోకి వచ్చి, చిన్న కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఒక బొమ్మల పుస్తకం చదివి వినిపించి వెళ్తారు. దీని పేరు ‘రీడ్ అక్రాస్ అమెరికా’. ఈ దేశంలో అన్నిటికంటే పెద్ద ఉద్యోగ సంఘమైన నేషనల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్, అంటే ఇక్కడి టీచర్ల సంఘం, 1998 మార్చి 2న దీన్ని మొదలుపెట్టింది. ఆ రోజు పిల్లల రచయిత డాక్టర్ స్యూస్ పుట్టినరోజు. ఆయన పుస్తకంలో పిల్లి పెట్టుకునే ఎర్ర చారల టోపీలు బడంతా కనిపిస్తాయి.

మేం ఉంటున్నది మసాచుసెట్స్‌లో. ఇక్కడి బడిలో నేనూ చదివి వినిపిస్తాను గనక, ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలని పాత సంగతులు తిరగేశాను. ఈ దేశంలో ఒకప్పుడు పిల్లలకు చదువు చెప్పించకపోతే జరిమానా వేసిన చట్టం ఉండేది. చదువు చెబితే జరిమానా వేసిన చట్టమూ ఉండేది. ఆ రెండో సంగతి మన ఊళ్ళలో చాలామందికి తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి చట్టం మసాచుసెట్స్‌దే. 1642లో ఇక్కడి ప్యూరిటన్ అనే క్రైస్తవ శాఖ వలసవాళ్ళు, తల్లిదండ్రులూ యజమానులూ తమ దగ్గరున్న పిల్లలకు చదవడం నేర్పించి తీరాలన్నారు. 1647లో ఇంకో చట్టం చేశారు. 50 కుటుంబాలున్న ప్రతి ఊరూ ఒక పంతుల్ని పెట్టుకోవాలి. 100 కుటుంబాలుంటే పై చదువుకు పనికొచ్చే బడి నడపాలి. బైబిలు చదవలేని మనిషిని సైతాను తేలిగ్గా దారి తప్పిస్తాడని వాళ్ళ భయం. భక్తి కోసమే చేసినా, పిల్లల చదువు ఊరందరి పూచీ అన్న మాట ఇక్కడ అప్పుడే వేళ్ళూనుకుంది.

రెండోది దక్షిణాది రాష్ట్రాల సంగతి. బానిసలకు రాయడం నేర్పడాన్ని సౌత్ కరోలినా 1740లోనే నిషేధించింది. 1830లో నార్త్ కరోలినా చదవడాన్ని కూడా కలిపింది. తెల్లవాళ్ళు నేర్పితే 100 నుంచి 200 డాలర్ల జరిమానా, లేదా జైలు. ఒక బానిస ఇంకో బానిసకు నేర్పితే వీపు మీద 39 కొరడా దెబ్బలు. అక్షరానికి ఇంతగా భయపడిన పాలకులు లోకంలో ఎక్కడున్నా, వాళ్ళ భయం ఒకటే: చదివినవాడు అడుగుతాడు.

ఆ భయం ఎంత నిజమో, తర్వాత బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ జీవితం చెబుతుంది. బానిసగా పుట్టి, చిన్నతనంలో బాల్టిమోర్‌లో ఒక ఇంటికి పనికి వెళ్ళాడు. ఆ ఇంటి యజమానురాలు సోఫియా ఆల్డ్, భర్త లేనప్పుడు బైబిలు పైకి చదువుకునేది. కాగితం మీది గుర్తులు మాటలై వినబడడం ఆ పిల్లవాణ్ణి పట్టేసింది. తనకూ నేర్పమని అడిగాడు. ఆమె నేర్పడం మొదలుపెట్టింది కూడా. భర్త హ్యూ ఆల్డ్‌కు తెలిసి ఆపించేశాడు. చదువొస్తే వీడిక బానిసగా పనికిరాడని భార్యతో అన్న మాట పిల్లవాడి చెవిన పడింది. స్వేచ్ఛకు దారి ఎటుందో ఆ మాటతోనే తనకు తెలిసిందని డగ్లస్ తర్వాత రాసుకున్నాడు.

అక్కణ్ణుంచి ఆయన పంతుళ్ళు వీధిలోని తెల్ల పిల్లలు. పనుల మీద బయటికి వెళ్ళేటప్పుడు జేబులో రొట్టె ముక్క వేసుకునేవాడు. ఆకలితో ఉన్న పేద పిల్లలకు అది ఇచ్చి, బదులుగా పాఠం చెప్పించుకునేవాడు. 1845లో బోస్టన్‌లో అచ్చయిన ఆత్మకథలో వాళ్ళను ఎంతో ప్రేమగా తలుచుకున్నాడు గానీ పేర్లు రాయలేదు. బానిసకు చదువు నేర్పారని తెలిస్తే అప్పటికీ వాళ్ళకు ఇబ్బందే మరి. ఈ దేశంలో తోటి పిల్లవాడికి చదువు పంచిన తొలి వాలంటీర్లను ఎంచమంటే నేను పేరు తెలియని ఆ పిల్లలనే ఎంచుతాను. ఇప్పుడు జులై నెల వచ్చిందంటే మసాచుసెట్స్‌లో ఎన్నో ఊళ్ళలో జనం ఆరుబయట గుమిగూడి, అమెరికా స్వాతంత్ర్య దినం గురించి డగ్లస్ 1852లో చేసిన ‘జులై నాలుగు’ ప్రసంగాన్ని మనిషికో పేరా చొప్పున పైకి చదువుతారు.

ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలైన ఏడాదే, 1861లో, మేరీ పీక్ అనే నల్లజాతి టీచరు వర్జీనియాలోని హాంప్టన్ దగ్గర, యజమానుల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకు పాఠాలు మొదలుపెట్టింది. ఓక్ చెట్టు నీడే ఆమె బడి అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కొద్ది నెలలకే, 1862లో, క్షయతో పోయింది. మరుసటి ఏడాది అధ్యక్షుడు లింకన్ చేసిన బానిసల విముక్తి ప్రకటనను అక్కడి నల్లవాళ్ళకు ఆ చెట్టు కిందే చదివి వినిపించారు. ఆ చెట్టు హాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ ఉంది.

పేదరికం అడ్డుపడ్డ చోట చదివి వినిపించే పని ఇంకో రూపం తీసుకుంది. 1930ల ఆర్థిక మాంద్యంలో కెంటకీ కొండ ఊళ్ళకు రోడ్లు లేవు, లైబ్రరీలు లేవు. ప్రభుత్వ ఉపాధి పథకం కింద అక్కడి ఆడవాళ్ళు గుర్రాల మీద, కంచర గాడిదల మీద పుస్తకాల సంచులు వేసుకుని వాగుల వెంట తిరిగారు. నెలకు జీతం 28 డాలర్లు. గుర్రం ఖర్చు వాళ్ళదే. పుస్తకాలు చాలకపోతే పాత పత్రికల్లో బొమ్మలు, వంటల వివరాలు కత్తిరించి అంటించి తామే పుస్తకాలు తయారుచేశారు. చదవడం రానివాళ్ళ ఇంట్లో కూర్చుని చదివి వినిపించారు. అదే దశకంలో మన కృష్ణా కాలువల మీద పాతూరి నాగభూషణం గారు పడవలో గ్రంథాలయం నడిపించారు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలిసే వీలు లేని రోజులవి. ఆ రెండిటినీ పక్కపక్కన తలుచుకుంటే నా గుండె నిండుతుంది.

ఇక చారల టోపీ దగ్గరికి వద్దాం. 1954లో రచయిత జాన్ హెర్సీ ‘లైఫ్’ పత్రికలో, బడి వాచకాలు చప్పగా ఉన్నాయి కాబట్టే పిల్లలు చదవడం లేదని రాశాడు. ఆ చర్చ ముదిరి, ఒక ప్రచురణకర్త డాక్టర్ స్యూస్‌ని పట్టుకున్నాడు: ఒకటో తరగతి పిల్లలు కింద పెట్టలేని పుస్తకం రాయి, తేలిక మాటల జాబితా మాత్రం దాటకు. 1957లో వచ్చిన ‘ది క్యాట్ ఇన్ ది హ్యాట్’లో ఉన్న వేర్వేరు మాటలు 236 మాత్రమే.

స్యూస్ పుట్టింది 1904లో, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. అదే ఊళ్ళో తర్వాత జిమ్ ట్రెలీజ్ అనే పత్రికా ఉద్యోగి ఉండేవాడు. తన ఉద్యోగం గురించి చెప్పడానికి వాలంటీరుగా బడులకు వెళ్తూ ఒకటి గమనించాడు. ఏ తరగతిలో టీచరు రోజూ పైకి చదివి వినిపిస్తారో, ఆ తరగతి పిల్లలే సొంతంగా ఎక్కువ చదువుతున్నారు. 1979లో ఆ సంగతి సొంత ఖర్చుతో చిన్న పుస్తకంగా వేశాడు. 1982లో పెంగ్విన్ సంస్థ దాన్ని ప్రచురించాక దేశమంతా చేరింది. 1985లో ప్రభుత్వ సాయంతో వెలువడిన ఒక నిపుణుల నివేదిక కూడా, పిల్లలకు చదవడం పట్టుబడాలంటే చదివి వినిపించడాన్ని మించినది లేదని తేల్చింది.

స్యూస్‌తో ఒక చిక్కు కూడా ఉంది. ఆయన పాత బొమ్మల్లో ఆఫ్రికా, ఆసియా మనుషుల్ని కించపరిచినవి ఉన్నాయి. 2021 మార్చి 2న, ఆయన హక్కుదారు సంస్థే ఆరు పుస్తకాల ముద్రణ ఆపేస్తున్నామని ప్రకటించింది. అంతకుముందే టీచర్ల సంఘం ఈ వేడుకను ఒక్క రచయితకు కట్టేయకుండా, అన్ని జాతుల పిల్లలూ కనిపించే పుస్తకాల వైపు తిప్పింది. నా లెక్కలో అది మంచి నిర్ణయం.

నేను చదివేది రెండో తరగతికి. ముందు బడివాళ్ళు మన మీద నేరాలేమైనా నమోదయ్యాయేమో తనిఖీ చేయిస్తారు. వచ్చిన ప్రతిసారీ ఆఫీసులో సంతకం పెట్టి, చొక్కాకు పేరు అంటించుకుని లోపలికి వెళ్ళాలి. పుస్తకం ఎలా పట్టుకోవాలో టీచరు నేర్పింది: బొమ్మలు పిల్లల వైపుండేలా పక్కగా పట్టుకుని, మనం మెడ తిప్పి చదవాలి. ఒక రోజు తీసుకున్నది ‘ది స్నోయీ డే’. 1962లో ఎజ్రా జాక్ కీట్స్ రాసి బొమ్మలు వేసిన పుస్తకం. పోలండ్ నుంచి వలస వచ్చిన యూదుల బిడ్డ, బ్రూక్లిన్‌లో పెరిగిన ఆయన, నల్లజాతి పిల్లవాడు పీటర్‌ను కథానాయకుడిగా పెట్టాడు. అప్పటి పిల్లల పుస్తకాల్లో అది అరుదు.

పీటర్ మంచు ఉండను రేపటికని జేబులో దాచుకుంటాడు. అక్కడికి వచ్చేసరికి తరగతిలో సగం మంది నవ్వడం మొదలుపెట్టారు. ఎండ దేశం నుంచి ఆ మధ్యే వచ్చిన ఒక పిల్లవాడికి మాత్రం ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు. పక్కనున్న అమ్మాయి తన కోటు జేబు లోపలి బట్టను బయటికి లాగి, తడిసిపోయినట్టు పిండి చూపించింది. వాడు ‘ఓ!’ అని, పేజీ తిప్పకముందే పీటర్ జేబు మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపాడు. వాడికి ఇంగ్లీషు ఇంకా రాదు, కానీ కథ అందింది.

ఇంత చరిత్ర ఉన్నా ఈ దేశం గట్టెక్కలేదు. 2024 జాతీయ పరీక్షల్లో నాలుగో తరగతి పిల్లల్లో 40 శాతం మంది చదవడంలో కనీస స్థాయిని అందుకోలేకపోయారు. ఏడాదికి ఒక్క రోజు చదివితే ఈ లెక్క మారదు. వారం వారం వచ్చే మనుషులు కావాలి.

మన దగ్గర నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో మీ ఊరి బడికి వెళ్ళండి. హెడ్మాస్టరు గారిని అడిగి ఒక్క అరగంట తీసుకోండి. మీకు నచ్చిన తెలుగు కథ ఒకటి పిల్లలకు పైకి చదివి వినిపించండి. తర్వాతి వారం కూడా వెళ్ళండి.