డెబ్బై దాటాక కాలేయానికి కత్తి

‘ఈ వయసులో కోతలెందుకు?’ అనే మాట కాలేయ క్యాన్సర్ విషయంలో ఇంట్లోవాళ్లే కాదు, సర్జన్లూ చాలాకాలం అన్నారు. వాళ్ల భయానికి ఆధారం ఉంది. అమెరికాలో ఫోస్టర్, బెర్మన్ అనే వైద్యులు పలు ఆస్పత్రుల లెక్కలు కూడగట్టి 1977లో ప్రచురిస్తే, కాలేయంలో పెద్ద భాగం తీయించుకున్నవాళ్లలో ఐదుగురిలో ఒకరు ఆపరేషన్ వల్లే పోయారని తేలింది. ముసలివాళ్ల సంగతి సరే, పడుచువాళ్లను బల్ల ఎక్కించడానికైనా జంకాల్సిందే.

అసలు శత్రువు నెత్తురు. కాలేయంలోకి నిమిషానికి సుమారు లీటరున్నర పారుతుంది. గ్లాస్గో సర్జన్ ప్రింగిల్, లోపలికి వచ్చే రక్తనాళాల కట్టను నొక్కిపట్టి ఆ ప్రవాహాన్ని ఆపవచ్చని 1908లో రాశాడు. గాయాలతో వచ్చిన ఆయన రోగులు దక్కలేదు గానీ ఉపాయం దక్కింది. 1950లలో ఫ్రాన్స్‌లో కూయినో అనే సర్జన్ కాలేయాన్ని ఎనిమిది ఖండాలుగా విడదీసి చూపాక, ఎక్కడ కోస్తే నష్టం తక్కువో తెలిసింది.

వయసు ప్రశ్నకు సూటిగా తగిలిన సమాధానం మాత్రం జపాన్‌లో పుట్టింది. అక్కడి రోగుల్లో చాలామందికి ఏళ్ల తరబడి హెపటైటిస్ ఉండి, కాలేయం గట్టిపడి, ఆ తర్వాతే క్యాన్సర్ వచ్చేది. అప్పటికి వయసు మళ్లేది. మకూచి అనే సర్జన్ 1980లలో ఆపరేషన్ మధ్యలోనే అల్ట్రాసౌండ్‌తో నాళాలు చూస్తూ కోయడం నేర్పాడు. ఎంత కోయవచ్చో తేల్చడానికి ఆయన పద్ధతి అడిగేవి మూడే: పొట్టలో నీరుందా, బిలిరుబిన్ ఎంత, పచ్చరంగు పరీక్ష ఏం చెబుతోంది? ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును నరంలోకి ఎక్కించి, పదిహేను నిమిషాలయ్యాక కాలేయం తీసేయగా రక్తంలో ఎంత మిగిలిందో చూస్తారు. 10 శాతం లోపైతే కుడి సగం తీయవచ్చు. 40 దాటితే గడ్డను మటుకు ఒలిచి ఊరుకోవాలి. రోగి పుట్టిన సంవత్సరంతో ఈ లెక్కకు పనిలేదు.

1995లో న్యూయార్క్ నుంచి సర్జన్ ఫాంగ్ బృందం, పెద్దపేగు నుంచి కాలేయానికి పాకిన క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న డెబ్బై పైబడిన 128 మందిలో మరణాలు 4 శాతమేనని రాసింది. అయితే ఇలాంటి అంకెలను కాస్త ఆచితూచి చదవాలి. గుండె, ఊపిరితిత్తులు బాగున్న పెద్దవాళ్లనే ఏరి బల్ల ఎక్కిస్తారు. వద్దని వెనక్కి పంపినవాళ్లు ఆ పట్టికల్లోకి రారు.

తర్వాత ల్యాప్రోస్కోపీ వాడకం పెరిగి కోత చిన్నదైంది. ఇప్పుడు చాలాచోట్ల వయసు కంటే బలహీనత చూస్తున్నారు: నడక, కండబలం, తిండి, జ్ఞాపకశక్తి. అయినా ఫలితాల పట్టికల్లో ముందు వరస ముప్ఫై రోజుల, తొంభై రోజుల మరణాలదే. ఎనభై ఏళ్ల మనిషి మళ్లీ తనంతట తాను లేచి స్నానం చేయగలిగాడా అన్నదానికి అంత చోటు దొరకడం లేదు.