ఒకటిన్నర టన్ను

పోయిన ఎండాకాలం హైదరాబాదులో ఏసీ కొనడానికి వెళ్తూ మా మామయ్యను వెంట తీసుకెళ్లాను. షాపులో కుర్రాడు "ఈ రూముకి ఒకటిన్నర టన్ను సరిపోద్ది సార్" అన్నాడు. "టన్ను అంటే ఏంది బాబూ?" అని మామయ్య అడిగాడు. "కెపాసిటీ అంకుల్" అన్నాడా అబ్బాయి. మామయ్య ఇంకేమీ అనలేదు. మెట్లు దిగుతుంటే మాత్రం నా భుజం తట్టి, "ఐసురా అది. ఆ పిల్లోడు నీకు ఐసు గడ్డలు అమ్ముతున్నాడు, పాపం వాడికే తెలవదు" అన్నాడు.

నిజమే. యంత్రాలు రాకముందు చల్లదనం అంటే ఐసే కాబట్టి, యంత్రాలు వచ్చాక కూడా వాటి బలాన్ని ఐసుతోనే కొలిచారు. రెండు వేల పౌండ్ల ఐసు, అంటే మన లెక్కలో 907 కిలోలు, 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో అంత పని చేసే యంత్రం ఒక టన్ను యంత్రం. మీ పడగ్గదిలో ఒకటిన్నర టన్నుల ఏసీ రోజంతా పూర్తి బలంతో నడిస్తే, అక్కడ సుమారు 1,360 కిలోల ఐసు కరిగినట్టు లెక్క.

మామయ్య ముప్పై ఏళ్లకు పైగా భద్రాచలంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరు. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, లోపల నేలలోకి దింపిన పెద్ద ఇనప తొట్టి, దాని మీద చెక్క మూతలు. తొట్టి నిండా ఉప్పునీళ్లు. ఆ నీళ్లలో వరసగా మునిగి ఉన్న డబ్బాల్లో మంచినీళ్లు. ఓ మూల పట్టాతో తిరిగే కంప్రెసరు. నా వేసవి సెలవులు సగం ఆ చెక్క మూతల మీదే గడిచాయి. బయట 45 డిగ్రీలు, కాళ్ల కింద సున్నాకు పది డిగ్రీల కింద.

ఐసు చరిత్ర కోసం వెతికితే మొదట దొరికేది బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్. 1833లో అతను 'టస్కనీ' అనే ఓడలో సుమారు 180 టన్నుల ఐసు కలకత్తాకు పంపాడు. అమెరికా చెరువుల్లో చలికాలం కోసిన ఐసు అది. నాలుగు నెలల ప్రయాణం తర్వాత కూడా వంద టన్నుల దాకా మిగిలింది. ఆ వ్యాపారం కోసమే 1842 ప్రాంతంలో మద్రాసు సముద్రతీరాన ఐస్ హౌస్ కట్టారు. తర్వాత చేతులు మారి, 1897లో వివేకానందుడు తొమ్మిది రోజులు బస చేసిన భవనం అదే. దాని తర్వాత కనిపించే పేరు జాన్ గోరీ. ఫ్లోరిడాలో జ్వరం రోగుల గదులు చల్లబరచాలని తాపత్రయపడి, 1851లో ఐసు చేసే యంత్రానికి పేటెంటు తీసుకుని, దానితో పైసా సంపాదించకుండానే 1855లో పోయిన డాక్టరు. ఆ తర్వాత అమ్మోనియా, పెద్ద కంపెనీలు. ఐస్ హౌస్ ఖాళీ అయింది. చరిత్ర అక్కడితో అయిపోతుంది.

నాకు పేచీ అక్కడే. యంత్రం కనిపెట్టగానే ఐసు వచ్చేసినట్టు రాస్తారు. ట్యూడర్ ఐసు మద్రాసులో దిగుతున్న రోజుల్లో భద్రాచలానికి రోడ్డే సరిగా లేదు. రాజమండ్రి నుంచి పాపికొండల మధ్యగా పడవలో రావాలి. అవతలి గట్టు నిజాం రాజ్యం. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండి అప్పుడు ఖమ్మం జిల్లాలో కలిసింది. గోదావరి మీద వంతెన 1965లో వచ్చింది. పాల్వంచలో థర్మల్ స్టేషను కూడా ఆ దశాబ్దంలోదే. ఇల్లందులో 1889 నుంచే బొగ్గు తవ్వుతున్న నేలకు, ఆ బొగ్గుతో చేసిన కరెంటు ఐసై తిరిగి రావడానికి అంత కాలం పట్టింది. వచ్చాక దాన్ని రోజూ నిలబెట్టింది ఎవరు? ఆ ప్రశ్నకు పేటెంట్లలో జవాబు దొరకదు. మామయ్య చేతి మీది మచ్చల్లో కొంత దొరుకుతుంది.

యంత్రం పద్ధతి చెప్పడానికి తేలికే. అమ్మోనియా మామూలు గాలి ఒత్తిడి దగ్గర సున్నాకు 33 డిగ్రీల కిందే మరిగిపోతుంది. మరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. అలా ఉప్పునీళ్లు చల్లబడతాయి, ఉప్పు ఉంది కాబట్టి గడ్డకట్టవు, వాటిలో మునిగిన డబ్బాల్లోని మంచినీళ్లు గడ్డకడతాయి. ఆవిరైన అమ్మోనియాను కంప్రెసరు నొక్కి కండెన్సరుకు పంపుతుంది. అక్కడ గొట్టాల మీద నీళ్లు పారుతుంటే వేడి వదిలి మళ్లీ ద్రవమవుతుంది.

చెడిపోవడంలో మాత్రం తేలిక లేదు. భద్రాచలం బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. అవి వేడి గొట్టాల మీద పారి పారి తెల్లటి పొర కడతాయి. పొర మందమైతే వేడి బయటికి పోదు, హెడ్ ప్రెషరు ఎక్కుతుంది, మోటారు ఎక్కువ కరెంటు తాగుతుంది, ఐసు తగ్గుతుంది. కొత్తవాళ్లు గ్యాసు చాల్లేదనుకుని ఇంకా నింపుతారు. మామయ్య ముందు గొట్టం మీద గోరుతో గీకి చూసేవాడు. పొర లేకపోయినా ప్రెషరు దిగకపోతే లోపలికి గాలి దూరినట్టు. గాలి ద్రవం కాదు, కండెన్సరులో చోటు ఆక్రమించి కూర్చుంటుంది. దాన్ని రబ్బరు గొట్టంతో నీళ్ల బకెట్లోకి వదిలేవాడు. అమ్మోనియా అయితే నీళ్లలో కరిగిపోతుంది, గాలైతే బుడగలుగా పైకొస్తుంది. బుడగలు ఆగినప్పుడు వాల్వు కట్టెయ్యాలి. ఇంత అందమైన పరీక్ష నేను ఇంజనీరింగు నాలుగేళ్లలో చూళ్లేదు.

లీకు ఎక్కడో పట్టుకోవడానికి గంధకం పుల్ల వెలిగించి గొట్టాల వెంట తిప్పేవాడు. అమ్మోనియా తగిలిన చోట తెల్లటి పొగ లేస్తుంది. డబ్బా తుప్పు పట్టి చిల్లు పడితే అది యంత్రం చెప్పదు, గోలీసోడా అమ్మేవాడు వచ్చి చెప్తాడు, "ఐసు ఉప్పగుంది" అని. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు చేరినప్పుడు వరద నీళ్లు తొట్టిలోకే వచ్చాయట. మోటార్లు విప్పి ఎండబెట్టుకోవచ్చు. పలచబడ్డ ఉప్పునీళ్లతో నడిపితే మాత్రం గొట్టాల చుట్టూ తొట్టే గడ్డకట్టి కూర్చుంటుంది. మళ్లీ ఎన్ని ఉప్పు బస్తాలు పోశారో మామయ్య ఒక్కోసారి ఒక్కో లెక్క చెప్తాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, మే నెల, సాయంత్రం ఆరింటికి కరెంటు పోయింది. ఎక్కడో లైను తెగిందన్నారు. డబ్బాల్లో నీళ్లు పొద్దున ఆరింటికి పోశారు, గడ్డకట్టడానికి 24 గంటలు కావాలి. రాత్రి తొమ్మిదింటికి ఇద్దరు మనుషులు సైకిళ్ల మీద వచ్చారు. ఒక పంతులుగారు పోయారు. కొడుకు మిలిటరీలో, జమ్మూలో. టెలిగ్రాం అందుకుని బయల్దేరాడు, రైల్లో రావడానికి మూడు రోజులు. అప్పట్లో ఫ్రీజర్ పెట్టెలు మా వైపు లేవు. శవాన్ని నిలపాలంటే కింద ఐసు దిమ్మలు, చుట్టూ రంపపు పొట్టు, అంతే. గోడౌన్లో ఆరు దిమ్మలే ఉన్నాయి. వాటికి చేపల వ్యాపారి అడ్వాన్సు ఇచ్చి ఉన్నాడు, తెల్లారి లారీ వస్తుంది.

ఓనరుకు ఫోన్ చేద్దామంటే ఫోనూ లేదు. మామయ్య కాసేపు తొట్టి మీద కూర్చున్నాడు. తర్వాత లేచి ఒక మూత తీసి, డబ్బాలోకి కర్ర పెట్టి చూశాడు.

"సగం టైమే కదా అయింది, సగమే కట్టుంటది" అన్నాను.

"కాదురా. అంచు నుంచి కట్టుకుంటూ వస్తది. మొదట్లో ఉరుకుతది, చివర్లో నత్తలెక్క."

ఆయనకు సూత్రం తెలియదు. సూత్రం ఇది: మందం రెట్టింపు కావాలంటే కాలం నాలుగింతలు కావాలి, ఎందుకంటే కట్టిన ఐసే లోపలి నీళ్లకు దుప్పటి అవుతుంది. తిప్పి చెప్తే, సగం కాలానికే మందంలో పదింట ఏడు వంతులు కట్టేసి ఉంటుంది. డబ్బా నాలుగు వైపుల నుంచీ కడుతుంది కాబట్టి, మిగిలేది నడిమధ్య సన్నటి నీటి గుంట. అది జ్యూసు బండికి పనికిరాదు. శవానికి పనికొస్తుంది.

కరెంటు లేదు కాబట్టి చైన్ బ్లాకుతో చేత్తోనే డబ్బాలు పైకి లాగారు. ఒక్కో డబ్బా మామూలు నీళ్ల తొట్టిలో ముంచి, వదులయ్యాక వంచి, దిమ్మ జార్చారు. టార్చి పట్టుకున్నది నేను. వెలుగు దిమ్మలోంచి అవతలికి వచ్చింది, మధ్యలో నీళ్లు కదులుతూ కనిపించాయి. బోలు దిమ్మలు ఎనిమిది, పూర్తి దిమ్మలు రెండు రిక్షాలో ఎక్కించాం. మిగతా నాలుగూ చేపలకు ఉంచాడు. తెల్లారి వ్యాపారి కేకలు వేశాడు. రెండు దిమ్మల డబ్బు మామయ్య జీతంలోంచి పోయింది. మూడో రోజు సాయంత్రం ఆ కొడుకు వచ్చాడని విన్నాం. మేం వెళ్లలేదు, ఆ రోజు కంప్రెసరు గ్లాండు కారుతోంది.

ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. మామయ్యకు అరవై దాటాయి. హోటళ్లలో, జ్యూస్ సెంటర్లలో స్టీలు డబ్బాల్లాంటి ఐసు క్యూబు యంత్రాలు వచ్చాయి. వాటిలో నీళ్లు చల్లటి పలక మీద పారుతూ కడతాయి. ముందు స్వచ్ఛమైన నీళ్లు గడ్డకట్టి, ఉప్పులు పారే నీళ్లతో కిందికి పోతాయి. అందుకే ఆ క్యూబులు గాజులా ఉంటాయి, మన దిమ్మ నడుమ మాత్రం తెల్లగా ఉంటుంది. యంత్రం మారింది గానీ బోరు మారలేదు. పలక మీద సున్నం కడుతుంది, క్యూబులు ఊడిరావు. వెనక కండెన్సరు మీద దుమ్ము, పిండి, నూనె జిడ్డు. మెకానిక్కు ఖమ్మం నుంచి రావాలి.

అందుకని ఆయన్ను పిలుస్తారు. ఏసీ కొన్న నెలకు భద్రాచలం వెళ్తే ఇంట్లో లేడు. గుడి వీధి దగ్గర ఒక జ్యూస్ సెంటర్లో, స్టూలు మీద కూర్చుని, గోరువెచ్చటి నీళ్లలో నిమ్మ ఉప్పు కలుపుతున్నాడు. యంత్రం మూత తీసి ఉంది. నన్ను చూసి పలకరించే ముందు, పలక మీద గోరుతో గీకి వేలు నాకు చూపించాడు. తెల్లగా ఉంది.

"గ్యాసు అయిపోయిందని రెండువేలు అడిగాడంట ఎవడో" అన్నాడు.