దట్టపు పొదలలో తుపాకి నిడివి

అక్బరు చక్రవర్తి ఆయుధశాలను వర్ణించుచు అబుల్ ఫజల్ తన ‘ఆయినె అక్బరీ’లో తుపాకుల పొడవును గూర్చియు రెండు మాటలు వ్రాసినాడు. పెద్ద తుపాకి రెండు గజములకు మించదట. చిన్నది ఒకటింబావు గజము. ఆ చిన్నదానికి ‘దమానక్’ అని పేరు. నాటి మొగలు గజము సుమారు 33 అంగుళములు. కనుక పెద్ద తుపాకి అయిదున్నర అడుగులు, అనగా దానిని మోయు మనుష్యుని ఎత్తు. చిన్నది మూడున్నర అడుగులలోపు. అబుల్ ఫజల్ ఏది యుద్ధమునకు, ఏది వేటకు అని విడమరచి చెప్పలేదు. కాని రెండు నిడివులు ఉన్నవనుటయే గమనింపదగినది. గొట్టము ఎంత పొడవుండవలెనను ప్రశ్న హిందూదేశమున తుపాకి కాలూనిన తొలి దినములనుండియు ఉన్నదే.

పొడుగు గొట్టమును కోరుటకు ఆనాడు తగిన కారణములు ఉండెను. తుపాకిమందు ఒక్క తీరుగ ఉండెడిది కాదు. దాని బలము కూడదీసుకొని గుండును నెట్టుటకు ఎడము కావలెను. గొట్టము పొడుగైనకొలది వాయువు గుండును ఎక్కువ సేపు తరుమును. గురి చూచు రెండు కొసల నడుమ దూరము పెరిగినచో చూపులోని చిన్న పొరపాటు కూడ తగ్గును. ఇక మూడవది కమ్మరి పని. పూర్వము ఇనుప రేకును చుట్టి అంచులు అతికించెడివారు. అట్టి గొట్టములో నాల్గవవంతునకు మించి మందు దట్టించిన పగిలిపోవు భయము. అక్బరు కాలమున ఇనుమును కాగితపు చుట్టవలె మెలిత్రిప్పి కాల్చి సాగగొట్టు పద్ధతి వచ్చినది. అట్లు చేసిన గొట్టమును మూతివరకు నింపి పేల్చినను చెక్కుచెదరదని అబుల్ ఫజల్ వ్రాత. చక్రవర్తికి ప్రియమైన ‘సంగ్రామ్’ అను తుపాకితో 1,019 జంతువులు కూలినవని లెక్క కూడ వ్రాసి ఉంచినారు. 1567-68లో చిత్తోడు ముట్టడియందు జయమల్లును కూల్చినది కూడ ఆ తుపాకియే.

అయితే ఈ వేట సాగిన తీరును మరువరాదు. చక్రవర్తి పొదలలో దూరి వెదకడు. వేలమంది చుట్టుముట్టి మృగములను తోలుకొని వత్తురు. లేదా ఏనుగుపై అంబారీలో కూర్చుండి కాల్చును. 1617లో మాళవదేశమున నూర్జహాను ఆరు గుండ్లతో నాలుగు పులులను పడగొట్టినదని జహంగీరు తన స్వీయచరిత్రలో మురిసిపోయి వ్రాసినాడు. పులి వాసన తగిలిన ఏనుగు నిలుకడగ నిలువదనియు, అంబారీనుండి గురి తప్పకుండుట మిక్కిలి కష్టమనియు కూడ ఆతడే చెప్పినాడు. కాని అంబారీలో ఉన్నవారికి పొదతో పని లేదు. గడ్డి, తీగ, ముండ్లకంప అన్నియు క్రిందనే ఉండిపోవును. అచట పొడుగు గొట్టము వలన కలుగు ఇబ్బంది ఏనుగు ఊగిసలాట ఒక్కటే.

ఇబ్బంది అంతయు కాలినడకన పోవు వానిది. ఉత్తర హిందూస్థానమున ‘తోడేదార్’ అని పిలువబడిన వత్తి తుపాకి గొట్టము నాలుగడుగులకు దగ్గరగ ఉండెడిది. దానిని భుజాన వేసికొని వెదురుపొదలో నడచి చూచినవానికి చెప్పనక్కరలేదు: ముందు కొస ఒక తీగకు తగులును, దానిని తప్పించులోపల వెనుక మడమ మరియొక కొమ్మకు తగులును. చేతిలో వత్తి మండుచుండవలెను. దాని వాసన మృగమునకు ముందే పోవును. అందువలన పల్లెటూరి షికారీ పొదలో మృగమును వెంబడించుట మానుకొన్నాడు. నీటి గుంట ఒడ్డున గోతిలోనో, చెట్టుపై మంచెమీదనో కూర్చుండి, గొట్టమును కొమ్మ పంగలో ఆనించి, మృగము తానే వచ్చువరకు రాత్రియంతయు వేచియుండెను. ఆంగ్ల దొరలు పలువురు దీనిని పిరికితనమనియు, వేటధర్మము కాదనియు ఎగతాళి చేసిరి. అది న్యాయమైన మాట కాదు. అతనికి దొరికిన ఆయుధము అతనికి ఆ పద్ధతిని నేర్పినది. చేతిలోని వస్తువునకు తగిన ఎత్తుగడ వేయుట తెలివియేగాని పిరికితనము కాదు.

దొరల తుపాకులైనను మొదట పొట్టివి కావు. సింహళద్వీపపు అడవులలో ఏనుగులను వేటాడిన శామ్యూల్ బేకర్ 1840లో బ్రిస్టల్ నగరపు గిబ్స్ అను తుపాకి పనివానిచే ఒక రైఫిలు చేయించుకొన్నాడు. గొట్టము 36 అంగుళములు, బరువు 21 పౌనులు, మందు 16 డ్రాములు. గుండు ఒక్కటే మూడు ఔన్సులు తూగెను. ఏనుగు తలపుఱ్ఱెను ఛేదించుటకు అంత మందు కావలెను. అంత మందు దట్టించుటకు అంత గొట్టము, అంత బరువు కావలెను. తొమ్మిదిన్నర కిలోల ఇనుమును మోయుచు ముండ్లడవిలో తిరుగుటకు బేకర్ వంటి భీమకాయునికే చెల్లును.

దీనికి పూర్తిగ ఎదురు కొసన ఉన్నది అంబారీ పిస్తోలు. పులి గాయపడి ఏనుగు కుంభస్థలముపైకి ఎగబ్రాకినప్పుడు పొడుగు రైఫిలును క్రిందికి త్రిప్పుటకు ఎడము ఉండదు. కనుక లావుపాటి గుండు పట్టు రెండు పొట్టి గొట్టములను పిడికిట పట్టుకొనునట్లు చేసినారు. కొన్ని వట్టి రైఫిలు గొట్టములను కోసి చేసినవే. గురి అను మాటకు అచట అర్థము లేదు. తగిలించుటే గాని గురిపెట్టుట కాదు. కాని ఆ పిస్తోలు ఒక సత్యమును ఒప్పుకొన్నది: మృగము చేరువైనకొలది పొడుగు గొట్టము రక్షణ కాక అడ్డంకి యగును.

ఈ చిక్కుముడి విప్పినవాడు వేటగాడు కాడు, రసాయనశాస్త్రజ్ఞుడు. 1884లో ఫ్రాన్సు దేశమున పాల్ వియేయ్ పొగలేని మందును కనుగొన్నాడు. 1889లో ఇంగ్లండున కార్డైటు వచ్చినది. పిడికెడు నల్లమందు చేయలేని పనిని చిటికెడు క్రొత్తమందు చేసినది. గుండు సన్నబడినది, వేగము పెరిగినది, గొట్టము 24 మొదలు 28 అంగుళములకు దిగినది. అంతకంటెను ఒక్కొక్క అంగుళము కోసివేసినకొలది గుండు వేగము సెకనుకు ఇరువది ముప్పది అడుగులు తగ్గునని స్థూలముగ లెక్క. తుపాకిని బట్టి, మందును బట్టి ఇది మారును. మైదానములో 300 గజముల దూరమున ఉన్న జింకకు ఆ తేడా లెక్కకు వచ్చును. పొదలో 30 గజములలో ఉన్న అడవిపందికి రాదు. రెండువేల అడుగుల వేగమున వచ్చు గుండులో నూరడుగులు తగ్గినవో లేదో ఆ పంది ఎరుగదు. పొట్టి గొట్టమునకు మరి లోపము లేదా? ఉన్నది. చప్పుడు చెవులు చిల్లులు పడునట్లుండును; మసక వెలుతురులో మూతినుండి వచ్చు మంట కన్నులకు మిరుమిట్లు గొలుపును; రెండవ గుండు కాల్చవలసిన క్షణముననే చూపు చెదరును. ముందువైపు బరువు తగ్గుటచే గురి నిలువక ఊగును. వేటగాడు ఏ అంగుళమును వదలుకొనుచున్నాడో ఎరిగి వదలుకొనవలెను.

ఇందు మరియొక సూక్ష్మము కలదు. మడచి తూటా పెట్టు జంటగొట్టపు రైఫిలునకు వెనుక గడియ యంత్రము లేదు. గడియను వెనుకకు లాగు రైఫిలునకు ఆ యంత్రము మూడు నాలుగు అంగుళములు ఆక్రమించును. కనుక గొట్టము రెండింటికి సమానమైనను జంటగొట్టము మొత్తముమీద పొట్టిది. ధనవంతులైన వేటగాండ్రు పొదలకు దానిని కోరుటకు వెంటనే సిద్ధముగ ఉండు రెండవ గుండు ఒక కారణము, ఈ పొట్టితనము మరియొక కారణము. కాని దాని వెల సామాన్యునికి అందునది కాదు.

చేతిలోని ఆయుధమే ప్రాణమును నిలిపిన సంఘటనలలో 1930 ఏప్రిల్ నెలలో కుమాయూనందు జరిగినది ప్రసిద్ధము. అయిదేండ్లలోపల 64 మందిని తిన్న చౌగఢ్ ఆడపులికై జిమ్ కార్బెట్ ఒక ఎండిన వాగులో దిగి నడచుచుండెను. ఎడమచేత దారిలో దొరికిన రెండు పక్షిగ్రుడ్లు. కుడిచేత రొమ్మున కడ్డముగ.275 రిగ్బీ రైఫిలు. పెద్ద బండ దాటి కుడి భుజముమీదుగ చూచినంతనే ఎనిమిది అడుగుల దూరమున పులి ముఖము. తుపాకి మూతి దానికి మూడువంతుల చుట్టు దూరమున ఉన్నది. ఆతడు ఒక్క చేతితోనే, పులి కన్నులనుండి చూపు త్రిప్పక, ఆ మూతిని కొంచెము కొంచెముగ తిప్పినాడు. చేయి పూర్తిగ చాచవలసి వచ్చినది, బరువు తెలియసాగినది, అయినను ఆపలేదు. మూతి పులి శరీరమునకు చేరినది, మీట నొక్కినాడు. గ్రుడ్లు పగులలేదు.

తరువాత ఆతడే తర్కించుకొన్నాడు. గ్రుడ్లు లేనిచో రెండు చేతులతో తటాలున తిప్పియుండెడివాడు; ఆ కదలికకు పులి దూకియుండెడిది. చేతిలో బరువైన రైఫిలున్నచో ఒక్క చేతితో తిప్పుట సాధ్యమయ్యెడిది కాదు. చూచినవారికి ప్రతికూలములుగ తోచినవే ఆతనికి అనుకూలించినవి. ఆ రైఫిలు 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు సంయుక్త రాష్ట్రముల లెఫ్టినెంటు గవర్నరు సర్ జాన్ హ్యూవెట్ బహూకరించినది. న్యాయముగ చెప్పవలెనన్న అది పొట్టి గొట్టపు తుపాకి కాదు, తేలిక తుపాకి. అయితే చేయి చాచి పట్టుకొన్నప్పుడు మూతియొద్ది బరువే చేతికి ఎక్కువ భారము. కొసన ఉన్న ఒక్క అంగుళపు ఇనుము మడమయొద్ది నాలుగంగుళముల ఇనుముకంటె లాగును. కనుక నిడివిని బరువునుండి వేరుచేసి లెక్కించుట అడవిలో కుదరదు. బేకర్ రైఫిలు ఆ దినమున కార్బెట్ చేతిలో ఉన్నచో ఆ కథ చెప్పుటకు కార్బెట్ మిగిలియుండడు.

దక్షిణమున కెన్నెత్ ఆండర్సన్ చిరకాలము వాడినది .405 వించెస్టర్. 1895 నమూనాకు చెందిన ఆ రైఫిలు గొట్టము 24 అంగుళములు. నాటి చిత్తూరు జిల్లాలోని చామల అడవులలో, ఎఱ్ఱచందనపు చెట్ల నడుమ, పొదలు రాళ్ళతో పెనవేసుకొన్న లోయలలో ఆతడు నరభక్షకపు పులికై తిరిగినాడు. మీటను క్రిందికి లాగి రెండవ తూటాను తెచ్చుకొను ఆ యంత్రము జంటగొట్టమునకు పేదవాని బదులు అనవచ్చును.

మరి ఆ పులులు తిన్నవారి చేతిలో ఏమున్నది? 1878లో లిట్టన్ ప్రభుత్వము తెచ్చిన ఆయుధముల శాసనము హిందూదేశీయునికి లైసెన్సును తప్పనిసరి చేసి, ఐరోపీయులను మినహాయించినది. కార్బెట్ గొట్టములను బేరీజు వేసి ఎంచుకొన్నాడు. కట్టెలకు పోయిన కుమాయూ స్త్రీకి, ఆమె భర్తకు, ఎంచుకొనుటకు కొడవలి తప్ప మరేమియు లేదు. ఊరిలో ఒకటి రెండు లైసెన్సు తుపాకులున్నను అవి పాత నాటుతుపాకులే. మూతినుండి మందు దట్టించి, మంచెపై ఆనించి కాల్చవలసినవే. చౌగఢ్ వాగు వంటి చోట అవి కట్టెపుల్లకంటె మిన్న కావు. నరభక్షకములను గూర్చిన గ్రంథములు వేటగాని రైఫిలును పేరుపెట్టి వర్ణించును. పల్లెలోని తుపాకిని గూర్చి ఒక్క వాక్యముతో సరిపెట్టును.

స్వతంత్ర భారతమున 1959లో వచ్చిన ఆయుధముల చట్టము గొట్టపు నిడివిని మరియొక కంటితో చూచినది. లైసెన్సు లేక గొట్టమును కురుచ చేయుట ఆరవ సెక్షను క్రింద నిషిద్ధము. ఆత్మరక్షణకును క్రీడకును ఇచ్చు నునుపు గొట్టపు తుపాకికి 20 అంగుళముల హద్దు గీచినారు. పొదలో సులువుగ తిరుగు తుపాకి కంబళి క్రింద సులువుగ దాగును గదా. వేటగాడు కోరిన గుణమునే పోలీసు అధికారి దోషముగ చూచినాడు. ఆ తరువాత 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి వేటను కట్టుదిట్టము చేసినది. అదే 1959 చట్టము నిజమైన పంటరక్షణకై రైతునకు మాత్రము మూతినుండి దట్టించు తుపాకిని పేరుపెట్టి అనుమతించినది. చేను గట్టుమీద మంచె ఎక్కి, అడవిపందులకై వేచియుండు ఆతని చేతిలో గొట్టము ఇప్పటికిని పొడుగైనదే.