ఐదు సీట్లు

2005 దీపావళి. బెంగళూరు ఖాళీ అవుతోంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో చిప్ డిజైన్ చేసే ఫణీంద్ర సామా, నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన పాతికేళ్ల ఇంజనీరు, పండక్కి ఇంటికి పోదామని చివరి గంటల్లో టికెట్ వేటలో పడ్డాడు. ఒక ట్రావెల్స్ ఆఫీసు, అక్కణ్నుంచి మరొకటి, మళ్లీ ట్రాఫిక్‌లో ఇంకొకటి. ఆ సాయంత్రం కౌంటర్లలో నడిచిన మాటల్ని ఎవరూ రాసిపెట్టలేదు. కానీ పండగ ముందు బెంగళూరులో టికెట్ కోసం తిరిగిన ప్రతివాడికీ అవి కంఠతా వచ్చినవే. ఏజెంట్ తలెత్తడు. చెవికి ఆనించిన ఫోను దించడు. ‘ఫుల్’ అంటాడు. ఇంకెక్కడైనా ఉందేమో చూడన్నా అని బతిమాలితే, ఆ పక్క సందులో అడగమని చెయ్యి చూపిస్తాడు.

టికెట్ దొరకలేదు. ఫ్లాట్‌లో ఉండే స్నేహితులంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఫణీంద్ర ఒక్కడే మిగిలాడు.

మన కణేకల్ వాళ్లకు ఈ రాత్రి గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు మన చెరువు దాకా వచ్చిన ఏడు మడిలో వరినాట్లు, రాని ఏడు బెంగళూరు బస్సు. హగరి ఏటి ఇసుక పొలాల మీదికి నడిచొచ్చే నేల మనది. ఉగాదికి, దసరాకి ఇంటికి రావాలనుకునే మన పిల్లలు కూడా ఆ కౌంటర్ల ముందే నిలబడ్డారు. తిట్టుకున్నారు, నిలబడి ప్రయాణం చేశారు, తెల్లారేసరికి మరిచిపోయారు. ఫణీంద్ర మాత్రం మరిచిపోలేదు. పండగ పోయాక మళ్లీ అదే ఏజెంట్ల దగ్గరికి వెళ్లాడు. ఈసారి టికెట్ అడగలేదు. టికెట్ ఎలా అమ్ముతారో చెప్పమన్నాడు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

ఆ రోజుల్లో ప్రైవేటు బస్సు సీట్ల జాతకమంతా ఒక కాగితం మీద ఉండేది. బస్సు ఓనరు ఆఫీసులో సీట్ల చార్టు, దాని పక్కన ఒక పెన్ను, ఒక గుమాస్తా. ఊరంతా పరుచుకున్న ఏజెంట్లు ఫోన్ చేసి సీటుందా అని అడగాలి. గుమాస్తా చార్టు చూసి చెప్పాలి, గడిలో గుర్తు పెట్టుకోవాలి. అప్పుడు ఏజెంటు చేత్తో టికెట్ రాసిస్తాడు. ఒక ఏజెంటుకు నాలుగైదు ట్రావెల్స్‌తో మాత్రమే పరిచయం ఉంటుంది, మిగతా బస్సుల సంగతి అతనికి తెలియదు. పండగ రోజుల్లో ఫోను కలవదు. ధర ఒక్కోచోట ఒక్కో మాదిరి. కిటికీ పక్క సీటు కావాలంటే అది అదృష్టం. బెంగళూరులో కూర్చుని తిరుగు ప్రయాణం టికెట్ కొనడం దాదాపు కుదరని పని. వీటన్నిటినీ మించిన సంగతి ఇంకొకటి ఉంది. నాకు సీటు లేదన్న ఆ రాత్రి ఏదో ఒక బస్సు ఖాళీ సీట్లతోనే వెళ్లి ఉండొచ్చు కదా అని ఫణీంద్రకు తట్టింది. ప్రయాణికుడికి బస్సు తెలియదు, బస్సుకు ప్రయాణికుడు తెలియడు. ఇద్దరూ నష్టపోతున్నారు.

బిట్స్ పిలానీలో కలిసి చదివి, బెంగళూరులో కలిసి ఉంటున్న మిత్రులకు ఈ సంగతి చెప్పాడు. మొదట అది కంపెనీ కాదు. సెలవు రోజుల్లో చేసే పని. సాఫ్ట్‌వేర్ రాసి ఓనర్లకు ఊరికే ఇచ్చేద్దామనుకున్నారు. చిక్కేమిటంటే, వీళ్లు చదివింది ఎలక్ట్రానిక్స్. వెబ్‌సైట్ కట్టడం ఎవరికీ రాదు. పుస్తకాలు కొన్నారు. పగలు ఉద్యోగం, రాత్రి పాఠం. ఐబీఎంలో ఉన్న సుధాకర్ పసుపునూరి, హనీవెల్‌లో ఉన్న చరణ్ పద్మరాజు, ఫణీంద్ర, ఈ ముగ్గురూ చివరికి ఉద్యోగాలు వదులుకున్నారు. ముగ్గురూ తెలుగువాళ్లే. పెట్టుబడి ఐదు లక్షలు, అదీ సొంత డబ్బు.

నెలల తరబడి కష్టపడి సాఫ్ట్‌వేర్ తయారు చేసుకుని బస్సు ఓనర్ల దగ్గరికి వెళ్లారు. మీ చార్టు ఇక కంప్యూటర్‌లో ఉంటుంది, ఏ ఏజెంటైనా ఎక్కణ్నుంచైనా చూడొచ్చు, పైగా డబ్బులక్కర్లేదు అన్నారు. ఎవరూ తీసుకోలేదు.

ఆ తిరస్కారాన్ని ఒకసారి ఓనరు కుర్చీలో కూర్చుని చూడాలి. అతనికి చార్టుతో, పెన్నుతో ఏళ్లుగా పని సాగుతోంది. డీజిలు, డ్రైవరు, పర్మిట్టు, టైర్లు, ఇవీ అతని తలనొప్పులు. ఎక్కణ్నుంచో వచ్చిన ముగ్గురు కుర్రాళ్ల మాట విని ఏజెంట్లను కాదనుకుంటే రేపు బస్సు నింపేదెవరు? సాఫ్ట్‌వేర్ ఊరికే వచ్చినా, బస్సు ఖాళీగా పోతే నష్టం అతనిదే. అతనికి కావలసింది సీట్లు అమ్మిపెట్టేవాడు.

అదే సమయంలో బెంగళూరులో ‘టై’ అనే వ్యాపారవేత్తల సంఘం కొత్తవాళ్లకు దారి చూపే కార్యక్రమం ఒకటి నడిపేది. ముగ్గురూ దానికి ఎంపికయ్యారు. పెద్దలు పెట్టిన మొదటి పని, మళ్లీ వీధిలోకి వెళ్లి ప్రయాణికుల్ని, ఏజెంట్లను, ఓనర్లను అడిగి రావడం. అలా దారి మారింది. సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టారు. ఒక ఓనరు దగ్గరికి వెళ్లి సీట్లిస్తే మేమే అమ్ముతామన్నారు. అతను ఐదు సీట్లిచ్చాడు.

వెబ్‌సైట్ 2006 ఆగస్టులో తెరుచుకుంది. పేరు రెడ్‌బస్. తెరిచినంత మాత్రాన జనం రారు కదా. ముగ్గురూ సాఫ్ట్‌వేర్ కంపెనీల గేట్ల ముందు నిలబడి, వచ్చే పోయే ఉద్యోగుల చేతుల్లో చిన్న కార్డులు పెట్టారు. మొన్నటిదాకా మెడలో ఐడీ కార్డుతో అలాంటి గేట్లలోనే లోపలికి పోయినవాళ్లు!

మొదటి టికెట్ కొన్నది ఇన్ఫోసిస్‌లో పనిచేసే ఒక అమ్మాయి. తిరుపతి ప్రయాణం. డబ్బు వచ్చింది, టికెట్ వెళ్లింది, అయినా వీళ్లకు కుదురు లేదు. ఆ సీటు నిజంగా ఆమెకే ఉంటుందా? చార్టులో గుమాస్తా గుర్తు పెట్టాడా? బస్సు దగ్గర ఎవరైనా ఆమెను దింపేస్తే? ఆమె సరిగ్గా ఎక్కుతుందో లేదో చూడడానికి అందరూ బస్సు ఆగే చోటికి వెళ్లి నిలబడ్డారు. ఆమె ఎక్కింది. ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నా గొంతు పూడుకుపోతుంది. తెర మీది ఒక బటన్ వెనుక, రోడ్డు పక్కన కాపలా కాసినంత బాధ్యత ఉండాలి. ఆ బాధ్యత ఉన్నవాళ్ల చేతుల్లోనే ఐదు సీట్లు పదయ్యాయి, ఒక ఓనరు పదిమందయ్యాడు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. పెట్టుబడి కోసం సీడ్‌ఫండ్ అనే సంస్థ దగ్గరికి వెళ్లినప్పుడు వీళ్ల లెక్క 30 లక్షలు. సంస్థ వాళ్లు కూర్చుని ఆ లెక్కను మళ్లీ వేయిస్తే అది 3 కోట్లయింది. 2007లో ఆ సొమ్ము వచ్చింది. ఊళ్లు పెరిగాయి, కాల్ సెంటర్లు వచ్చాయి.

కణేకల్‌లో, రాయదుర్గంలో డిగ్రీ చేతపట్టుకుని, ఫోన్‌లో వీడియోలు చూసి వెబ్ డిజైన్ నేర్చుకున్న పిల్లలు ఈ రోజు చాలామంది ఉన్నారు. ఫణీంద్ర బృందం పుస్తకాలు కొని నేర్చుకున్నది వీళ్లకు ఉచితంగా దొరుకుతోంది. వాళ్లు నన్నడిగేది ఒకటే: అన్నా, మన ఊళ్లో వెబ్‌సైట్ ఎవరు చేయించుకుంటారు? ఎవరూ చేయించుకోరు నాయనా, బస్సు ఓనర్లు వద్దన్నట్టే వద్దంటారు. అయినా పోయి అడుగు. రాయదుర్గం జీన్స్ యూనిట్ వాడికి ఆర్డరు ఎట్లా వస్తుంది, బళ్లారి వ్యాపారి దగ్గర బాకీ ఎన్నాళ్లు ఆగుతుంది? కోతల కాలంలో వరికోత మిషన్ ఏ రోజు ఎవరి మడికొస్తుందో రైతుకు ఎవరు చెబుతారు, ఎన్ని ఫోన్లు చేస్తే చెబుతారు? విత్తనాల అంగడాయన అప్పుల పుస్తకంలో ఏమేం రాసుకుంటాడు? నీ తొలి పేజీలో ఏం పెట్టాలో ఆ జవాబుల్లో ఉంది. బెంగళూరు డిజైనర్‌కు అవి తెలియవు, తెలుసుకోవడానికి అతను ఇంత దూరం రాడు. నీకు వాళ్లంతా మామలు, అన్నలు. వాళ్ల అంగడి గట్టు మీద కూర్చుంటే టీ తాగించి మరీ చెబుతారు.

2013 జూన్‌లో రెడ్‌బస్‌ను ఇబిబో గ్రూపు కొనేసింది. వందల కోట్ల బేరమని పత్రికలు రాశాయి. ఫణీంద్ర ఆ తర్వాత బయటికొచ్చి, కొన్నాళ్లకు తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గా పనిచేశాడు. అమ్మకానికి ముందే ఇంకో సంగతి జరిగింది. ఊరికే ఇస్తామన్నా ఓనర్లు వద్దన్న ఆ సాఫ్ట్‌వేర్ ఆలోచనను ముగ్గురూ మళ్లీ బయటికి తీసి, మెరుగుపరిచి, ‘బాస్’ అని పేరు పెట్టారు. అప్పటికి వాళ్లను నమ్మడానికి ఓనర్లకు కారణం దొరికింది. తమ సీట్లు రెడ్‌బస్‌లో అమ్ముడుపోవడం కళ్లారా చూశారు. ఈసారి తీసుకున్నారు, చార్టు కాగితం మీంచి కంప్యూటర్‌లోకి వెళ్లింది.